కాజ్ డూడెక్ నింపిన దొంగ గళ్ళు

కాజ్ డూడెక్ నలభై ఏళ్ళు మా పేటలో ఉత్తరాలు పంచాడు. క్లీవ్‌లాండ్‌లో మా వైపు ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ కుక్క ఊరికే మొరుగుతుందో ఇప్పటికీ చెబుతాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరి పెట్టెలో వేసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి అబద్ధమాడాడంటే ఎవరూ నమ్మరు. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. అతికించడంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

కాజ్‌కి బేస్‌బాల్ పిచ్చి. మా పేటలో ఎవరికి లేదు గనక! కానీ కాజ్‌దీ, ఎమిల్ హ్రుస్కాదీ మామూలు పిచ్చి కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టేడియంలో ఎండా వానా తగిలే చోట పక్కపక్కనే కూర్చున్నారు. ఎమిల్ ఒళ్ళో స్కోరు కార్డు, చేతిలో పెన్సిల్. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస, ఒక్కో ఇన్నింగ్స్‌కి ఒక్కో గడి. ఎవడు కొట్టాడు, ఎవడు పట్టాడు, ఎలా అవుటయ్యాడు, అన్నీ అందులో ఎక్కాలి. ఎమిల్‌ది ఒకటే నియమం. కంటితో చూడనిది రాయకూడదు. కాఫీకో మరోదానికో లేచి వెళ్తే ఆ గడిలో చిన్న సున్నా చుట్టి వదిలేయాలి.

ఏప్రిల్‌లో ఎమిల్ పోయాడు. పోయే ముందు ఆ పెన్సిల్ కాజ్ చేతిలో పెట్టి, "ఈ ఏడాది మనవాళ్ళు అక్టోబరు ఆటలకి వెళ్తార్రా. ఆఖరి అవుట్ దాకా రాసి బెర్నిస్‌కివ్వు" అన్నాడు. బెర్నిస్ ఆయన భార్య. ఆమె ఇంట్లో రేడియో దగ్గర కూర్చుని ఆట వింటుంది. మర్నాడు కాజ్ కార్డు తెచ్చిస్తే వంటింటి బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని గడి గడీ చదువుకుని ఎమిల్ ఫైళ్ళలో దాస్తుంది. ఎమిల్ సీటులో నన్ను కూర్చోమంది. నాకు కారుంది, కాజ్‌కి లేదు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం. ఏడాదంతా ఆడాక మిగిలే కొద్ది జట్లకే అక్టోబరు ఆటలు, కప్పు ఆశ. అందులో చోటు దక్కాలంటే ఆ మధ్యాహ్నం గెలిచి తీరాలి. ఎనిమిదో ఇన్నింగ్స్ సగానికి వచ్చేసరికి మావాళ్ళవి రెండు పరుగులు, అవతలి వాళ్ళవి ఎనిమిది.

"లేవరా కాజ్" అన్నాను. "వంతెన దగ్గర ఇరుక్కుంటే ఇక అంతే సంగతులు."

"మనవాళ్ళ బ్యాటింగ్ ఇంకా రెండుసార్లుంది కదరా జోల్టన్."

"ఏముంది చూడ్డానికి? శవజాగారం చేస్తున్నట్టుంది."

కాజ్ మైదానం వంక ఒకసారి చూసి, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని లేచాడు.

కారు బయటికి తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. వైపర్ వేశాను. రేడియోలో మావాళ్ళకి ఇంకో మూడు పరుగులు. వంతెన ఎక్కేసరికి తొమ్మిదో ఇన్నింగ్స్, ఇంకో రెండు. దిగేసరికి ఒకడు బాదిన బంతి ఎడమవైపు గోడ దాటిపోయింది, దాంతో మరో రెండు. తొమ్మిది, ఎనిమిది, గెలిచేశారు! ఊరంతా అరుస్తోంది. మేమిద్దరం ఎర్ర లైటు ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. ముప్ఫై ఒక్క ఏళ్ళు అక్కడ కూర్చున్నవాడు ఆ ఒక్క అరగంటా కూర్చోలేకపోయాడు. లేపింది నేను.

సోమవారం పొద్దున్నే కాజ్ మా ఇంటికొచ్చాడు, చంకలో ఆట వివరాలున్న పేపరు. "ఎమిల్ అడిగిందే ఆఖరి అవుట్ దాకా రాయమని. ఇన్ని సున్నాలు పెట్టి ఏ మొహంతో ఇవ్వనురా?"

సున్నాలే పెట్టి ఇవ్వరా అనాల్సింది. అనలేదు. పేపరు నేను చదివాను, గళ్ళు వాడు నింపాడు. ఇద్దరం డెబ్భై దాటినవాళ్ళం. పరీక్షలో కాపీ కొట్టినట్టు కొట్టాం.

కార్డు చూసి బెర్నిస్ కళ్ళొత్తుకుంది. ఎమిల్ ఫొటో పక్కన ఫ్రేము కట్టించి పెడతానంది. ఆ సాయంత్రం గాబీ బారులో అడుగు పెట్టగానే గాబీ కేకేశాడు.

"ఇదుగో వచ్చాడు మొనగాడు! పిరికివెధవలంతా ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే ఇంటికి పరిగెత్తార్ట. మన కాజ్ మాత్రం బండరాయిలా కూర్చున్నాడు. చెప్పవయ్యా, ఆ బంతి ఎలా పోయింది?"

కాజ్ చెయ్యెత్తి బంతి పోయిన దారి చూపించాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

కార్లో కాజ్ అన్నాడు: "రేపు అక్టోబరు ఆటల్లో మొదటిది. చచ్చినవాడికి అబద్ధం రాసిచ్చాను. ఆ పాపం జట్టుకి చుట్టుకుంటే?"

"మనం లేచొచ్చాకే గెలిచారు. రేపూ లేచొచ్చేద్దాం."

కాజ్ నవ్వలేదు. "పొద్దున్నే బెర్నిస్‌కి చెప్పేస్తాన్రా."

మంగళవారం ఆట ఒంటిగంటకి. పదింటికి వెళ్ళేసరికి బెర్నిస్ బంగాళాదుంప కూరిన పిరోగీలు ఉల్లిపాయలతో వేయిస్తోంది. బల్లమీద కార్డు, పక్కన ఖాళీ ఫ్రేము. కాజ్ టోపీ తీసి నిలబడే చెప్పాడు. చెప్పినంతసేపూ నేను పొయ్యి వంకే చూశాను.

"నిన్న రాత్రి ఫ్రేములో పెట్టబోతేనే నాకు తెలిసింది" అంది బెర్నిస్.

కాజ్ మొహం పాలిపోయింది. "ఎలా?"

"వాన పడుతోందని రేడియోలో పదిసార్లు చెప్పారు. ఈ కార్డేమో ఇస్త్రీ చొక్కాలా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కార్డులు దాచానయ్యా. తడిసిన కాగితం నాకు తెలీదూ?"

కారు వైపర్ వేసింది నా చెయ్యే. అయినా వాన సంగతి నా బుర్రకి తట్టనే లేదు. తట్టి ఉంటే కార్డుమీద నీళ్ళు కూడా చల్లేవాళ్ళమేమో. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

బెర్నిస్ లోపలికెళ్ళి ఒక పాత కార్డు తెచ్చింది. ఐదో ఇన్నింగ్స్ నుంచి అన్నీ సున్నాలే.

"మా అమ్మాయి రీటా పుట్టిన రోజుది. కబురందగానే ఎమిల్ ఆట వదిలేసి ఆసుపత్రికి వచ్చేశాడు. ఆరోజు మనవాళ్ళు గెలిచారు. ఎలా గెలిచారో రాయమని ఎంతమంది పోరినా రాయలేదు" అంది. "నువ్వు సున్నాలు తెచ్చిస్తే తిట్టి దాచుకునేదాన్ని కాజ్. ఇది ఎక్కడ దాచను?"

అరవలేదు. అరిచినా బాగుండేది. సొరుగులోంచి రబ్బరు తీసి వాడి ముందు పెట్టింది. కాజ్ కూర్చుని ఒక్కొక్క గడీ చెరిపాడు. ఒక్కొక్క దాంట్లో సున్నా చుట్టాడు. కళ్ళలో నీళ్ళు కార్డుమీద పడకుండా తల పక్కకి తిప్పుకుంటున్నాడు.

బెర్నిస్ ఎమిల్ కోటు తొడుక్కుంది. "ఇవాళ నేనొస్తున్నా. జోల్టన్, నువ్వు మమ్మల్ని దింపేసి బారుకి పో. కాజ్, నువ్వు లోపలి సీటు. దారి పక్కది నాది."

గాబీ బారు కిటకిటలాడుతోంది. "మొనగాడేడీ?" అన్నాడు గాబీ.

"ఆదివారం మేమిద్దరం మధ్యలోనే లేచి వచ్చేశాం" అన్నాను. "వాణ్ణి లేపింది నేనే."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. గాబీ గ్లాసు తుడుచుకుంటూ అవతలికి పోయాడు.

ఏడో ఇన్నింగ్స్‌కి మావాళ్ళు ఏడు పరుగులు వెనకబడ్డారు. టీవీలో జనం లేచి పోవడం కనిపిస్తోంది. కెమెరా మా సీట్లవైపు తిరిగింది. ఖాళీ అయిపోయిన వరసలో ఇద్దరే ఉన్నారు. దారి పక్క సీట్లో బెర్నిస్, మోకాళ్ళు అడ్డంగా పెట్టుకుని. లోపలి సీట్లో కాజ్, తలొంచుకుని రాస్తున్నాడు.

బారులోనూ ఒక్కొక్కరే లేస్తున్నారు. నేనూ కోటు అందుకోబోయి, మళ్ళీ కూర్చున్నాను.