కాగితం మీది రెండేళ్లు

వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే రోజుల్లో మా ఇంట్లో ఒక వాసన లేస్తుంది. నాయన ఒంటిగొట్టం తుపాకీని దించి, గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగుతాను కదా, ఆ ఇనుమూ నూనే కలిసిన వాసన. మా పిల్లలకది పడదు, ముక్కు మూసుకుని బయటికి పోతారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే నాయన కంటే ముందు చెన్నకేశవులు సార్ గుర్తొస్తారు. చిత్రమేమంటే ఆయన జన్మలో తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు. పెళ్లిలో టపాకాయ పేలినా చెవులు మూసుకునే రకం.

ఆత్మకూరు అవతల, నల్లమల అంచునున్న మా ఊరి ఎలిమెంటరీ బడికి ఆయన హెడ్మాస్టరు. మా అక్క లక్ష్మీదేవి ఒక్కతే బడికి పోనని మొండికేస్తే, నాయన నన్ను కూడా చంకనేసుకుని తీసుకెళ్లాడట. నాకింకా బడీడు రాలేదు. సార్ కాసేపు తటపటాయించి, నా వయసుకు రెండేళ్లు కలిపి రాసుకున్నారు. అలా అక్కా నేనూ కవలలం కాకుండానే కాగితాల మీద కవలలమయ్యాం. అప్పట్లో ఇది వింత కాదు. మా ఊళ్లో సగం మంది పుట్టినరోజులు ఆ బడిలోనే పుట్టాయి.

రెండు వేల సంవత్సరం దాటాక, నేను డిగ్రీ చదువుతుండగా నాయన జ్వరంతో పోయాడు. పంట కాపలాకని ఆయన పేరు మీదున్న తుపాకీని స్టేషన్‌లో అప్పగించాం. ఆ ఏడు అడవిపందులు చేనంతా దున్నిపోసినట్టు చేసిపెట్టాయి. అక్క పెళ్లయి మైదుకూరులో ఉంది. అమ్మకు చూపు ఆనదు.

"వచ్చే ఏడు గూడా ఇట్లే అయితే చేను గుత్తకిచ్చేసి కర్నూలుకు పోదాం పాపా. ఇండ్లల్లో పని చేసుకోనన్నా బతకచ్చు" అంది అమ్మ.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. తుపాకీని నా పేరుకు మార్పించుకుంటానన్నాను. లైసెన్సుకు ఇరవై ఒకటి నిండాలి. నాకు పంతొమ్మిదే అయినా సర్టిఫికెట్ ప్రకారం నిండినట్టే కాబట్టి నాకా దిగులు లేదు. అప్పటికే రిటైరైన సార్ దగ్గరికి వెళ్లి అర్జీ రాసిపెట్టమన్నాను.

"ఆడపిల్లవు, నీకు తుపాకీ ఏమిటికమ్మా?" అన్నారు.

"కాల్చేదానికి కాదు సార్. గాల్లోకి పేల్చి పందుల్ని బెదరగొట్టేదానికి."

"పందుల్నేనా?"

"మీక్కూడా అనుమానమేనా సార్?"

నవ్వి, ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా రాశారు. వయసు దగ్గర మాత్రం కలం ఆపి, "ఇది నువ్వే రాసుకో" అన్నారు. నేను ఠక్కున ఇరవై ఒకటి అని రాసేశాను.

విచారణకు స్టేషన్‌కు పిలిచినప్పుడు తోడుగా ఆయనే వచ్చారు. ఎస్సై మంచివాడే. కాగితాలన్నీ తిరగేసి, కలం మూత తీశాడు.

"పాపను బళ్లో చేర్చుకున్నది మీరేనంట కదా సార్. ఇరవై ఒకటి నిండినాయి కదా? మాటవరసకు అడుగుతాండా."

సార్ కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "లేదు సార్. పంతొమ్మిది. ఆ రెండేండ్లు నేను కలిపినవి."

ఎస్సై కలం మూత పెట్టేశాడు. "తోడొచ్చి మీరే ఎసరు పెట్టినారే పాపకు" అని, రెండేళ్లాగి రమ్మన్నాడు. అంతవరకూ తుపాకీ స్టేషన్‌లోనే ఉంటుందన్నాడు.

బస్సులో నేను ఆయన పక్కన కూర్చోలేదు. ఊళ్లో దిగాక ఇక నోరు ఆగలేదు. "మీకేం పోయింది సార్? పొయ్యేది మా చేను కదా" అన్నాను.

"బడికి రెండేండ్లు ఎక్కువ రాస్తే ఎవురికీ దెబ్బ తగల్లేదమ్మా. తుపాకీకి రాస్తే యాడ తగులుతాదో నాకు తెలీదు" అన్నారు. నేను వినిపించుకోకుండా ఇంటికి వెళ్లిపోయాను. ఆ ముసలాయన మీద అంత కసి నాకు ఇంకెవరి మీదా కలగలేదు.

మరుసటి ఖరీఫ్‌లో కాయ గట్టిపడే వేళకు, ఒకరోజు పొద్దుగూకుతుండగా చేలో డబ్బా మోత వినిపించింది. వెళ్లి చూస్తే మంచె మీద సార్. తలకు మంకీ టోపీ, ఒళ్లో ఖాళీ కిరసనాయిలు డబ్బా, చేతిలో కందికట్టె. డెబ్బై దగ్గర పడిన మనిషి, మోకాళ్ల నొప్పులతో ఆ నిచ్చెన ఎలా ఎక్కారో తెలియదు.

"రెండేండ్లు నేను ఎక్కువ రాసినా. ఆ రెండేండ్లు నేనే కాస్తా" అన్నారు.

రెండు పంటలూ ఆయన మాట తప్పలేదు. చీకటి పడేదాకా ఆయన, తర్వాత నేనూ అమ్మా. పందులకు హాజరు కూడా పిలిచేవారు. "ఇయ్యాల పెద్దది రాలేదు, నాగా పెట్టింది" అనేవారు. నవ్వకూడదనుకుంటూనే నవ్వేదాన్ని. పందుల వాటా పందులు తిన్నాయి, మా వాటా మాకు మిగిలింది. చేను గుత్తకు పోలేదు.

రెండోసారి అర్జీ పెట్టేటప్పటికి ఎస్సై మారాడు. కొత్తాయన అదే ప్రశ్న అడిగితే, సార్ గొంతు సవరించుకుని, "ఇరవై ఒకటి నిండినాయి సార్, పోయిన నెలలోనే" అన్నారు. ఆయన సర్టిఫికెట్ చూశాడు, సార్‌ను చూశాడు. "ఈడ ఇరవై మూడుండాదే?" అన్నాడు. సార్ మొదటి నుంచీ కథంతా చెప్పబోతే, "చాల్లే సార్, ఎట్లైనా నిండినాయి కదా" అని సంతకం చేసేశాడు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లినప్పుడల్లా స్టేషన్ వాళ్లు ఊళ్లో ఎవరో ఇద్దరిని, ఈ మనిషి చేతిలో తుపాకీ ఉండొచ్చా అని అడుగుతారు. "ఈశ్వరమ్మా? బంగారం సార్" అంటారు వాళ్లు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నాకు నష్టమని తెలిసీ, నా ఎదుటే నిజం చెప్పే మనిషి వాళ్లలో లేడు. అందుకని ఆ ప్రశ్న నేనే వేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఏడు పక్క చేనాయనతో గట్టు తగాదా వచ్చింది. మాటకు మాట పెరిగినప్పుడు, ఇంట్లో తుపాకీ ఉన్న సంగతి నాకు గుర్తొచ్చింది. అంతే, గుర్తొచ్చింది. నోటితో అనలేదు, ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు ఎన్నికలొచ్చి తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించమన్నారు, అప్పగించాను. ఎన్నికలయ్యాక, వచ్చి తీసుకుపొమ్మని కబురు పంపారు.

ఆ ఏడు నేను వెళ్లలేదు.