పాకం రాని పాఠం

పొద్దున్న పరమాన్నంలోకి బెల్లం దిమ్మ చితక్కొడుతుంటే కాస్త మాడిన వాసన తగిలింది. కొన్నవాళ్లకి అది నాసిరకం. నాకు మాత్రం మా అమ్మ చీర వాసన.

అనకాపల్లి అవతల మా ఊళ్లో చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా గానుగ ఆడేది. పెనంలో మరిగే చెరకు రసం మీద తేలిన మడ్డిని నాన్న గరిటెతో తీసి పారేస్తుంటే, ఎండిన పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తూ అమ్మ, ఆమె పక్కన గోనె పరుచుకుని బడి నుంచి వచ్చిన నేను, నా ఒళ్లో ఏడో తరగతి పుస్తకం, వేలికి చుట్టుకున్న వేడి పాకం, సాయంత్రాలన్నీ అలాగే గడిచేవి. ఆ వేళ్లతో తిప్పితే సైన్సు పుస్తకంలో సగం పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయేవి. చదవకుండా దాటెయ్యడానికి నాకు అంతకంటే మంచి సాకు దొరికేది కాదు.

ఆ ఏడు పెద్ద పరీక్ష. తప్పితే బడి మానిపించి చెరకు పనికి తీసుకుపోతానని నాన్న చెప్పేశాడు. కోపంగా కాదు, మర్నాటి పని పురమాయించినట్టు చెప్పాడు. అందుకే నాకు భయం వేసింది.

అమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా నేను చదవడం ఆపగానే పుస్తకం లాక్కుని ఒళ్లో బోర్లించి, చెప్పమనేది. బెల్లం దింపే ముందు నాన్న నీళ్ల గిన్నెలో చుక్క పాకం వేసి, ఉండ కడితే దింపేవాడు, కరిగిపోతే మళ్లీ కాచేవాడు. నా చదువుకీ అమ్మ అదే గిన్నె పెట్టింది. ఓ రోజు బాష్పీభవనం గురించి కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పాను. అంటే ఏటని అడిగింది. పుస్తకంలో అలాగే ఉందన్నాను.

"కరిగిపోతన్నాదే. పాకం రానేదు. మళ్లీ సదువు," అంది.

ఏడుపొచ్చింది నాకు. మళ్లీ చదివి, పెనం మీద లేచే ఆవిరి చూపించి, సముద్రం మీదా ఇలాగే నీళ్లు పైకి పోయి మబ్బులవుతాయని, ఉప్పు కిందే ఉండిపోతుందని నా మాటల్లో చెప్పాక గాని వదల్లేదు. మర్నాడు మొదటి నుంచి అడిగింది. ఆటకి పోవాలన్న తొందరలో, ఉప్పు కూడా మబ్బుల్లోకి పోతుందనేశాను. చదువు రాని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

"నిన్న కిందుండిపోద్దన్నావు. పెనంలో బెల్లం ఉండిపోనేదా, అలాగ," అంది అమ్మ, నా వైపు చూడకుండానే.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మళ్లీ ఎప్పుడూ ఆమెను మోసం చెయ్యలేదు. అంటుకున్న పేజీలు ఆవిరికి పట్టి, విడదీసి మరీ చదివాను. పరీక్షలో వాననీరు ఉప్పగా ఎందుకుండదని అడిగితే, బెల్లం పెనం గురించి రాసి వచ్చాను.

పాసయ్యానని చెబితే నాన్న తలూపి పొలానికి పోయాడు. అమ్మ మాత్రం నన్ను పెరట్లోకి తీసుకుపోయి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎనిమిదో తరగతి పుస్తకాలు ఎప్పుడిత్తారే?"

నా కోసమే ఆత్రపడుతోందనుకున్నాను.

ఇప్పుడా గానుగ లేదు. పెనం పాత ఇనుముకి పోయింది, చెరకు తోటలో ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు. అమ్మా లేదు. పక్క గదిలో మా అమ్మాయి ఫోన్లో ఏదో పాఠం వింటుంటే, బెల్లం చేతులతోనే వెళ్లి పక్కన కూర్చుని చెప్పమన్నాను. నేనెప్పుడూ చదవని పాఠం. అది మధ్యలో ఆపితే, తర్వాతేటని అడిగాను, నిజంగానే తెలియక. అమ్మ రోజూ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని బడికి వచ్చేదని అప్పుడు తెలిసింది నాకు.