ఇశ్రాయేలు సముద్రం

ఇశ్రాయేలు కంటికి ఇబ్రహీంపట్నం చెరువు చెరువు కాదు, సముద్రం. ఎవరైనా నోరుజారి చెరువు అన్నారో, చేతికర్ర నేలమీద తాటించి అక్కడే నిలబడిపోయేవాడు. తప్పు దిద్దుకునేదాకా తను కదిలేవాడు కాదు, ఎదుటివాళ్లను కదలనిచ్చేవాడూ కాదు.

ఈ పిచ్చి అతనికి యుద్ధంలో అంటుకుంది. ఏదో దీవిలో ఒక కెప్టెను దగ్గర నాలుగేళ్లు వంట చేశాడు. ఆ కెప్టెను శని, ఆదివారాల్లో పదిమందిని పోగేసి, సముద్రం ఒడ్డున నడిపిస్తూ ఇది ఫలానా రాయి, అది ఫలానా పిట్ట అని వివరించేవాడట. ఇశ్రాయేలు అక్కణ్ణించి ఇంటికి తెచ్చుకున్నవి ఒక ఖాకీ టోపీ, ఈ నడక పిచ్చి. టోపీ ఏడాది తిరక్కుండానే చిరిగిపోయింది.

"గా పిచ్చి చినిగి టోపీ మిగిలితే బాగుండు" అనేది భార్య మరియ.

పోలీసు చర్యకు ముందు ఏడాది చలికాలంలో ఇశ్రాయేలు ఊళ్లో నడక క్లబ్బు పెట్టాడు. శనివారం పొద్దున కట్టమీంచి ఉత్తరపు ఒడ్డు, ఆదివారం ప్రార్థన కాగానే దక్షిణపు ఒడ్డు. రెండు నడకలూ చివరికి ఒకే బండరాయి దగ్గర ముగిసేవి. ఆ బండ ఎక్కితే నీళ్ల నడుమ తుమ్మచెట్ల దిబ్బ కనిపిస్తుంది. ఇశ్రాయేలు దాన్ని దీవి అనేవాడు.

అతని క్లబ్బుకు రెండు నియమాలు. ఒకటి, నడిచేవాళ్లంతా తలా ఒక జొన్నరొట్టె ఎక్కువ తెచ్చి, "సముద్రం వాటా" అని బండకింది తుంగలో పెట్టాలి. రెండోది, ఒక్కొక్కరూ బండెక్కి దీవివైపు తిరిగి ఇంటి సంగతులన్నీ గట్టిగా చెప్పాలి.

"రొట్టెలు సముద్రం ఎట్ల తింటది ఇశ్రాయేలూ?" అని అడిగేవాడు బుగ్గయ్య. ఊళ్లో నడవడమంటే అందరికంటే బద్ధకం అతనికే. అయినా ఒక్క వారం మానేవాడు కాదు.

"ఎట్లనో తింటది. మల్ల వారం చూడు, ఒక్క తునక ఉంటదా?"

"కుక్కలు తింటయి."

"సముద్రాన్ని కుక్క అంటవా? దిగు. మొదట్నించి నడువు."

బుగ్గయ్య గొణుక్కుంటూ మళ్లీ కట్టదాకా వెళ్లి వచ్చేవాడు.

ఈ గుంపులో బలవంతాన నడిచే మనిషి సిద్దమ్మ. ఆమె మగడు దశరథ చేపలు పట్టేవాడు. దొర గడీకి వెట్టికింద చేపలు పంపేది లేదని సంఘంలో చేరాడు. వారంటు వచ్చింది. ఒకనాడు వల భుజాన వేసుకుని ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. అతనొక్కడి కోసం పోలీసులు ఊళ్లోని తెప్పలన్నీ పట్టుకుపోయి ఠాణా ముందు గొలుసులు వేశారు. చెరువులో వల విసిరేవాడు లేడు. ఉన్నాడో పోయాడో ఎవరూ చెప్పరు. పొద్దున లేస్తే గుమ్మం, పొద్దుగూకితే గుమ్మం, సిద్దమ్మ చూపంతా అక్కడే. ఎవరి అడుగు వినపడినా గుండె ముందు లేచేది, తర్వాత ఆమె లేచేది.

అట్లాంటి మనిషిని ఇశ్రాయేలు వారం వారం తలుపు కొట్టి లేపుకుపోయేవాడు.

"నాకు పానం మంచిగ లేదన్నా."

"నడిస్తే మంచిగైతది చెల్లె. రొట్టె చేసినవా?"

"చేసిన. నేను తినకున్నా నీ సముద్రానికి చేసిన."

బండెక్కాక ఆమె నోట్లోంచి మాట పెగిలేది కాదు. "గట్టిగ చెప్పు! సముద్రానికి చెవుడు" అని ఇశ్రాయేలు కింద నుంచి అరిచేవాడు. "ఇంట్ల గింజలున్నయి. మేక ఈనింది. నేను బాగనే ఉన్న" అని సిద్దమ్మ నీళ్లకు అబద్ధం చెప్పి దిగేది.

పదిమంది కలిసి తిరుగుతున్నారని ఠాణాకు కబురు వెళ్లింది. ఒక జవాను వచ్చి అడ్డం నిలిచాడు.

"గుంపు కూడొద్దని హుకుం ఉన్నది, ఎరుకనా?"

"గుంపు కూడితే ఒక్కతాన నిలబడ్తం గద సాబ్. మేం నడుస్తున్నం."

జవాను వీళ్లమీద నిఘాకని తనూ వెంట నడిచాడు. ఆ వారం నుంచి వదిలిపెట్టలేదు.

వానలు మొదలయ్యాయి. సిద్దమ్మ తమ్ముడు రావిర్యాల నుంచి వచ్చి కూర్చున్నాడు. "తొమ్మిది నెలలాయె. ఇంకెన్నొద్దులు చూస్తవక్కా? సోమవారం బండి కట్టుకొని వస్త. అమ్మ మారుమనువు ముచ్చట గూడ అంటున్నది" అన్నాడు. సిద్దమ్మ కాదనలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె అలిసిపోయింది.

ఆ ఆదివారం ఆమె ఎవరూ అనకుండానే బండెక్కింది. మొదటిసారి గొంతెత్తింది.

"రేపు తల్లిగారింటికి పోతున్న. ఇగ రాను. ఎవ్వలికోసమని ఉండాలె? ఉన్నోడైతే ఒక్క మాటన్న పంపకపోతుండెనా?"

అందరూ తలలు వంచుకున్నారు. అంతలో దీవివైపు నుంచి చప్పుడు వచ్చింది. నీళ్లమీద కర్రతో కొట్టిన చప్పుడు. గబగబా రెండు, కాసేపాగి ఒకటి.

చేపలను వలలోకి తోలడానికి జాలర్లు అట్లా కొడతారు. ఒక్కొక్కరిదీ ఒక్కో దెబ్బ. ఆ రెండూ ఒకటీ ఎవరిదో సిద్దమ్మకు తెలుసు. పెళ్లయిన నాటినుంచి ఆ దెబ్బ విన్నాకే ఆమె పొయ్యి ముట్టించేది. పెళ్లాం పోతానంటే నోరు విప్పలేనివాడు, ఆగలేక చేతిలో కర్రతో నీళ్లను కొట్టాడు.

జవాను తుపాకి సర్దుకున్నాడు. "గా చప్పుడేంది? తెప్పలన్నీ ఠాణా కాడున్నయి గదా!"

బుగ్గయ్య ముఖం పాలిపోయింది. ఇశ్రాయేలు మాత్రం మురిసిపోతూ కర్ర పైకెత్తాడు.

"దొరికింది సాబ్! ఇన్నొద్దులసంది దీనికోసమే దేవులాడుతున్న. దీవి ఉన్నకాడ చప్పుడు తిరిగొస్తది. మా కెప్టెను ఎన్నిసార్లు చూపించిండో! ఇందాక బుగ్గయ్య కట్టెతోని బండను కొట్టిండు, గదే తిరిగొచ్చింది."

"నేనా?" అన్నాడు బుగ్గయ్య.

"నువ్వే. మల్ల కొట్టు. అందరు కొట్టుండ్రి!"

అందరూ బండను కొట్టారు. రెండు, ఒకటి. దీవి బదులు పలికింది. రెండు, ఒకటి. జవాను అనుమానంగా తుపాకి మడమతో తనే కొట్టి చూశాడు. దీవి అతనికీ బదులిచ్చింది. అతని ముఖం విచ్చుకుంది. ఉన్నట్టుండి బండెక్కి, "అమ్మా! నేను మంచిగున్న! సెలవిస్తలేరు!" అని బీదరులో ఉన్న తల్లికి కేకేశాడు. దీవి ఆ తల్లి తరపున కూడా రెండు దెబ్బలు, ఒక దెబ్బ కొట్టింది. జవాను కళ్లు తుడుచుకుని దిగాడు. మరుసటి వారం తన వాటా రొట్టె తనే తెచ్చి తుంగలో పెట్టాడు.

ఇశ్రాయేలుకు అసలు చిక్కు ఆ చప్పుడు విన్న రోజే వచ్చింది. సిద్దమ్మ ముఖం వెలిగిపోతోంది. ఎంత అణచుకున్నా నవ్వు ఆగడం లేదు. అతను తల రుమాలు తీసి ఆమె గడ్డం చుట్టూ, చెంపల మీదుగా బిగించి కట్టాడు.

"ఎవరన్న అడిగితే పండ్ల నొప్పి అను."

"ఎన్నొద్దులు కట్టుకోవాలన్నా?"

"సర్కారు మారేదాక."

రెండు నెలలు సిద్దమ్మ పండ్లు నొప్పెట్టాయి. రావిర్యాల బండి ఖాళీగా వెళ్లిపోయింది. ఊరంతా లవంగాలు తెచ్చి ఇచ్చారు.

పోలీసు చర్య ముగిసింది. వారంటు ఇచ్చినవాళ్లే ఊరొదిలి పోయారు. దశరథ పట్టపగలు ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కాడు. వస్తూనే "బుగ్గయ్యా, నీ కడుపునొప్పి తక్కువైందా?" అని అడిగాడు. ఇన్ని నెలల ఊరి సంగతులన్నీ అతనికి తెలుసు. బుగ్గయ్య రొట్టెలో ఉప్పుండదన్న సంగతి కూడా తెలుసు.

సిద్దమ్మ ముందు ఇశ్రాయేలు మీద పడింది. "నాకొక్క మాట చెప్తే ఏం పోయిందన్నా? ఎంత ఏడ్చిననో ఎరుకనా?"

"ఎరుకనే చెల్లె. నీకు ఎరుకైనంక ఏమైందో చూసినవ్ గదా. రెండు నెలలు రుమాలు లేక నా నెత్తి మాడింది."

ఠాణా నుంచి తెప్పలు తిరిగొచ్చాక దశరథ ఆమెను దిబ్బమీదికి తీసుకుపోయాడు. తుమ్మచెట్ల మధ్య ఒకచోట గడ్డి లేదు. మనిషి కూర్చుని కూర్చుని నేల నున్నగా అయింది. సిద్దమ్మ అక్కడే కూర్చుని ఒడ్డువైపు చూసింది. ఒడ్డున నడుస్తున్నవాళ్లు వేలెడంత కూడా లేరు.

"ఈడికెల్లి నా మొఖం కనవడదు గదా?"

"కనవడదు. నడక కనవడ్తది. ఎంతమంది నడిమిట్ల ఉన్నా నీ నడక నాకు ఎరుకే. ఇశ్రాయేలన్న అందుకే మిమ్మల్ని అంత నడిపిచ్చిండు."

ఆమె అతని పక్కకు ఇంకొంచెం జరిగి, ఆ నున్నటి నేలమీద ఇద్దరికీ చోటు సరిపోయేలా కూర్చుంది. ఒడ్డునుంచి ఇశ్రాయేలు పొద్దెక్కిందని, తొందరగా నడకకు రమ్మని కేకలేస్తున్నాడు.

"పిలుస్తుండు" అన్నాడు దశరథ.

"ఒర్లనీ. రేపు పోదాం" అంది సిద్దమ్మ.