రెక్కల సందు మీద బాసింపట్టు

"అత్తయ్యా, నేను దాటుతుండగానే ఆ వంతెన విరిగితే? పాప నా చంకలోనే ఉంటుంది కదా!"

పాప పుట్టాక కోడలికి పట్టుకున్న భయమిది. ఫిజిక్సు చదివింది కాబట్టి ఇనుము ఎన్ని రకాలుగా విరగగలదో కూడా ఆమెకు తెలుసు. ఆ హైవే వంతెన పడవలకు దారిస్తూ మధ్యలో రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేస్తుంది. దాన్ని బాగుచేసే ముఠాకు పెద్ద ఆమె అత్తగారే. అందరూ గ్రీజత్త అంటారు.

"విరిగితే ముందు పోయేది నేనే. కింద గేర్ల దగ్గర ఉండేదాన్ని కదుటే!" అని నవ్వేసింది గ్రీజత్త.

ఆ వారమే రెక్కలు సగం లేచి మొరాయించాయి. మోటారు మూలిగింది. ఎలాగో కిందికి దించారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు చూసి, ఇక ఇది లేవదు, రెండు రెక్కలూ కలిపి వెల్డింగ్ చేసేయమన్నాడు. అదే జరిగితే ఎగువనున్న పడవల రేవుకు తాళమే.

మర్నాడు వెల్డింగ్ వాళ్లు వచ్చేసరికి గ్రీజత్త రెక్కల సందు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"లేవమ్మా, ముసలిదైపోయింది ఈ వంతెన," అన్నాడు ఆఫీసరు.

"నేనూ ముసలిదాన్నే. నన్నూ అతికించేస్తావా నాయనా?"

వెల్డింగ్ వాళ్లు కిసుక్కున నవ్వారు.

"రోడ్డు గతుకులని పాత తారు గీకకుండానే దాని మీద కొత్త తారు పోయించారు. రెక్కల్ని లేపే వెనక తూకపు దిమ్మ మాత్రం అప్పటిదే. తక్కెడలో ఒక పళ్లెంలోనే రాళ్లు వేస్తూ పోయి, తక్కెడ పాడైందంటే ఎలా?"

అడ్డుగేటు దగ్గర పాపనెత్తుకుని నిలబడ్డ కోడలు గబగబా లెక్క వేసుకుంది. ఇరుసుకు దూరంగా, రెక్క కొసన పడే బరువుకు లాగుడెక్కువ. అత్తగారి మాట ముమ్మాటికీ నిజం. విరుగుతుందన్న భయం పోలేదు. అయినా నడుచుకుంటూ వెళ్లి, పాపతో సహా ఆమె పక్కనే చతికిలబడింది.

"ముందు తారు గీకించండి సార్. అప్పటిదాకా మేమిద్దరం ఇక్కడే."

"ముగ్గురం," అంది గ్రీజత్త, పాపను ఒళ్లోకి లాక్కుని.

ఆఫీసరు తల పట్టుకుని సాయంత్రం దాకా గడువిచ్చాడు. ముఠా అంతా గునపాలతో తారు పెళ్లగించింది. పొద్దుగూకే వేళకు మోటారు ఆన్ చేస్తే మూలగలేదు. రెక్కలు రెండూ నిటారుగా లేచాయి.

తర్వాత పాపకు నడక ఆలస్యమైందని, కాళ్లలో బలం లేదని ఇరుగుపొరుగు సాగదీశారు. కోడలు బెంగపడలేదంటే అబద్ధమే. కానీ డాక్టరు కోసం పరుగెత్తే ముందు దాని కాళ్లకు తొడిగిన బరువు బూట్లు ఊడదీసి, పాపను వట్టికాళ్లతో నేల మీద నిలబెట్టింది. ఆ రోజు వంతెన దిగుతూ అత్తగారు చెప్పిన మాట ప్రకారమే:

"దేన్నయినా చేతకానిదనే ముందు, దాని నెత్తిన ఎవరేం మోపారో చూడవే."