స్టేజీ కాడ ఎర్ర తువ్వాల

మామ పోయాడు. ఇరవై రోజులైంది. పేపర్లో ఏమీ రాలేదు. మా ఊరి గొర్లకాపరి, మా గోడ పక్కింటాయన. మా ఆయనకు వరసకు చిన్నాయన అవుతాడు కాబట్టి నాకు మామ. అంతకు మించి ఆయన గురించి రాయడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. చివరికొచ్చేసరికి మీరే చెప్పండి.

మీకు ఆయన తెలిసుండడు. కానీ సూర్యాపేట నుంచి ఖమ్మం వైపు ఎప్పుడైనా పోయినవాళ్లయితే, మోతె దాటాక కాల్వ బ్రిడ్జి దగ్గర, తుమ్మచెట్టు కింద, ఎర్ర తువ్వాల చేత్తో ఎత్తి పట్టుకున్న ముసలాయనను చూసే ఉంటారు. బస్సు కోసమనుకుని ఉంటారు. ఒకరిద్దరు డ్రైవర్లు బస్సాపి, ఆయన ఎక్కనంటే తిట్టి మరీ పోయారు. ఆయన నిలబడేది బస్సు కోసం కాదు, అంబులెన్సు కోసం.

మా ఊరు రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపల. ఊరి దారి మొదలయ్యే బస్సు స్టేజీ దగ్గర ఒక కాల్వ బ్రిడ్జి ఉంది. దాన్ని దాటి ఇంకో కిలోమీటరు పోతే అచ్చం అలాంటిదే మరో బ్రిడ్జి. రెండింటి పక్కనా మట్టిరోడ్డే, రెండింటి పక్కనా తుమ్మచెట్లే. ఊరి పేరు రాసిన బోర్డు ఒక గాలివానకు పడిపోయింది, మళ్లీ లేవలేదు. ఫోన్లో మ్యాపు పెట్టుకుంటే మా ఊరి దారి రెండో బ్రిడ్జి దగ్గర చూపిస్తుంది. ఆ దారిన పోతే వరి మళ్లు, వాటి చివర ఒక మోటారు షెడ్డు. బండి తిప్పుకునే జాగా కూడా ఉండదు, వచ్చిన దారినే వెనక్కి నడపాలి. ఊళ్లో దవాఖాన లేదు. నర్సమ్మ బుధవారం వస్తుంది, బీపీ చూస్తుంది, గోలీలిస్తుంది, ఓపిగ్గా మాట్లాడుతుంది. ఆమెను అనడానికేమీ లేదు. కానీ గుండెనొప్పి బుధవారం చూసుకుని రాదు కదా! ఏదొచ్చినా సూర్యాపేటకు ఉరకాలి. అక్కడా కాదంటే హైదరాబాదు.

మామ ఈ పనిలోకి కావాలని దిగలేదు. ఒకరోజు స్టేజీ దగ్గర గొర్లు మేపుతుంటే అంబులెన్సు ఆగి దారి అడిగిందట. "నోటితోని చెప్తె డ్రైవర్‌కు సమజ్ కాలే. ఇగ గొర్లను ఇడిసిపెట్టి బండి ముంగట ఉరికిన" అని నవ్వుతూ చెప్పేవాడు. ఆయన ఊళ్లోకి ఉరికేలోపు గొర్లు ఎవరిదో వరి మడిలో పడ్డాయి. ఆ మడి ఆసామి సాయంత్రం ఇంటి మీదికొచ్చాడు. నెల తిరక్కుండా అదే ఆసామి తల్లికి ఫిట్స్ వస్తే, ఆయన మొదటి ఫోను మామకే చేశాడు. అట్లా ఊళ్లో అలవాటైపోయింది. ఎవరికి ఏమైనా ముందు మామకు ఫోను, తర్వాత అంబులెన్సుకు. మా ఊరి పద్ధతి అది, ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు.

తువ్వాల ఎర్రదే ఎందుకని ఒకసారి అడిగాను. "పచ్చది పొలంల కలుస్తది, తెల్లది ఎండల కనవడది. ఎర్రదైతె ఎంత దూరంకెల్లైన కండ్లల్ల పడ్తది" అన్నాడు. నాకు ముచ్చటేసి "అట్లాగా అండీ" అన్నాను. నాది కోదాడ, మాట కొంచెం ఆంధ్ర వైపు ఒరుగుతుంది. ఈ ఊరి బళ్లో పంతులమ్మగా పదహారేళ్ల నుంచి పని చేస్తున్నా ఆ ఒరుగు పోలేదు. ఆయన దాన్ని వదిలిపెట్టేవాడు కాదు. "నువ్వు అండీ అంటుంటె మా గొర్లు గూడ తలకాయ లేపి సూస్తన్నయ్ కోడలా!"

బండికి దారి చూపించాక ఆయన ఎక్కి ఊళ్లోకి వచ్చేవాడు కాదు. ఇంటోళ్లకు జాగా కావాలనేవాడు. అక్కడే చెట్టు కింద నిలబడి, అది రోగిని ఎక్కించుకుని తిరిగొచ్చేదాకా చూసేవాడు. ఎండైనా సరే, వానైనా సరే.

"నీ పని అయిపోయింది కదా మామా, ఇంటికొచ్చేయొచ్చు కదా" అని కసిరాను ఒకసారి.

"పొయ్యేది సూడొద్దా? కూత పెట్టుకుంట పోయిందనుకో, పానం ఉన్నట్టు. సప్పుడు లేకుంట పోతె ఇగ నేను గూడ సప్పుడు లేకుంట ఇంటికొస్త."

"ఊరికే చూస్తూ నిలబడతావా?"

"శెయ్యి లేపుత."

"ఎవరికి?"

"లోపటోళ్లకు."

"వాళ్లు చూస్తారా?"

"యాడ సూస్తరు? వాళ్ల పరేషాన్ల వాళ్లుంటరు." ఆ మాట ఆయన ఫిర్యాదులాగా అనలేదు. వాన పడుతోంది అన్నట్టు అన్నాడు.

మూడేళ్ల కింద ఒక పొద్దున మా ఆయన ఎరువు చల్లి ఇంటికొచ్చి, గడపలో కూర్చుండిపోయాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. నేను ముందు మామకు ఫోను చేశాను, తర్వాత అంబులెన్సుకు. బండి ఎక్కడా తడబడకుండా నేరుగా మా వాకిట్లోకొచ్చి ఆగింది. నేను లోపల ఆయన పాదం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. సూర్యాపేటలో సూదులేవో వేసి హైదరాబాదు పంపారు. అక్కడ పదకొండు రోజులు. పన్నెండో రోజు నేను ఒక్కదాన్నే వెనక్కొచ్చాను.

మామ పలకరించడానికి వచ్చినప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీద చూపించాను. "ఏం లాభం మామా? నువ్వు ఎండలో నిలబడి ఏం లాభమైంది?" అన్నాను, అందరి ముందూ. ఆయన తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. వెళ్లేటప్పుడు మాత్రం అన్నాడు.

"పదకొండు దినాలు నీతోని మాట్లాడిండు గదనే కోడలా."

ఆ మాటకు నాకింకా మండింది. నెలలు గడిచాక గానీ అర్థం కాలేదు. ఆ పదకొండు రోజుల్లో మూడో రోజున, పెళ్లయిన కొత్తలో కోదాడ బస్టాండులో నన్ను మరిచిపోయి తనొక్కడే బస్సెక్కిన సంగతి చెప్పి మా ఆయన పగలబడి నవ్వాడు. నర్సు వచ్చి మందలించింది కూడా. ఆ నవ్వు నాకు మామ ఇచ్చిందే. ఆ సంగతి ఆయనకు చెప్పాలనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను. పక్క గోడే కదా, రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. ఆయన భార్య పోయి చాలా ఏళ్లు. కొడుకూ కోడలూ ఎండాకాలం గొర్లను తోలుకుని పెద్దవూర దిక్కు పోతే, మళ్లీ వానలకే రావడం. అప్పుడు ఆ ఇంట్లో ఆయనొక్కడు, ఈ ఇంట్లో నేనొక్కదాన్ని. పొద్దు గూకే వేళ గోడవతల నుంచి కేక వచ్చేది. "కోడలా, తిన్నవా?" తినకపోయినా తిన్నానని చెప్పేదాన్ని. "నువ్వు తిన్నావా మామా?" అని అడిగితే ఆయనా తిన్నాననేవాడు. ఇద్దరం అబద్ధాలే చెప్పుకునేవాళ్లం. రోజుకు ఆ ఒక్క మాట చాలు అన్నట్టు ఉండేది బతుకు. ఇప్పుడు ఆ వేళకు రేడియో పెట్టుకుంటున్నాను. అది నన్నేమీ అడగదు.

మొన్న మాఘం నుంచి ఆయనకు ఛాతీలో మంటగా ఉండేది. గ్యాస్ అని వాము నమిలేవాడు. ఆదివారం సూర్యాపేట పోయి చూపించుకుందాం, నేను తీసుకెళ్తాను అన్నాను.

"నేను పోతె స్టేజి కాడ ఎవలుంటరు?"

"ఊళ్లో ఇంకెవరూ మగాళ్లే లేరా మామా?"

"ఉన్నరు. ఫోన్లు ఎత్తరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఆ ఒక్క పూటకు నేను నిలబడతాను అనాలని నాకు తోచలేదు. సంతకం పెట్టే ఉద్యోగం చేస్తున్నాను, చదువుకున్నదాన్ని, స్కూటీ ఉంది. తోచలేదు, అంతే.

ఒంటిపూట బడులు మొదలైన రోజులు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే గోడవతల మూలుగు వినిపించింది. పోయి చూస్తే మామ మంచం మీద ఉన్నాడు. ఒళ్లంతా చెమట, బనీను నీళ్లలో ముంచి తీసినట్టుంది. ఊళ్లో వాళ్లంతా వడ్లు తూచే కాంటా దగ్గర ఉన్నారు. ఎదురింటి రాములమ్మను గట్టిగా కేకేసి, అంబులెన్సుకు ఫోను చేశాను. అడ్రసు అడిగారు. ఊరి పేరు చెప్పాను. గుర్తేమిటని అడిగారు. నా నోరు దానంతటదే అలవాటైన మాట చెప్పేసింది.

"స్టేజీ దగ్గర ఎర్ర తువ్వాలతో ఒకాయన నిలబడి ఉంటాడండీ. ఆయన చూపిస్తాడు."

ఫోను పెట్టేసరికి రాములమ్మ గడపలో ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. మామ తలగడ కింద ఫోను మోగడం మొదలుపెట్టింది. రాములమ్మ ఆ మోత వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమె చేసింది మామకే. ఊళ్లో ఎవరికి ఏమైనా ముందు మామకే కదా!

ఆయన అంతా విన్నాడు. నేను చెప్పిందీ, ఆ మోతా. కళ్లు తెరిచి, తల కింద తడిమి తువ్వాల లాగాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు.

"పోవాలె కోడలా. బండి అటు పోతది."

భుజాలు పట్టి పడుకోబెట్టాను. "నువ్వు లేవొద్దు మామా, నీ కాళ్లు మొక్కుతా" అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "అటు పోతది" అని ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

స్టేజీకి పంపడానికి మోటారుసైకిలు ఉన్న మనిషి కోసం రాములమ్మ కాంటా దగ్గరికి ఉరికింది. నా స్కూటీ వాకిట్లోనే ఉంది. ఆమెను మంచం దగ్గర కూర్చోబెట్టి నేను పోవాల్సింది. పోలేదు. ఆయన చెయ్యి విడిపించుకోబుద్ధి కాలేదు. అది ప్రేమో తెలివితక్కువతనమో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

కాసేపటికి డ్రైవరు ఫోను చేశాడు. "మేడం, ఎర్ర తువ్వాల అన్నరు, ఎవ్వరు లేరు గద. ఇక్కడేదో మోటారు షెడ్డు ఉంది" అన్నాడు. నేను ఆ తువ్వాలతోనే మామ మొహం తుడుస్తున్నాను. "ఇక్కడుందండీ" అన్నాను. పాపం, అతనికేం అర్థమవుతుంది!

వచ్చిన దారినే వెనక్కి నడిపి, మళ్లీ దారి వెతుక్కుని బండి వచ్చేసరికి మామ లేడు. అందులో వచ్చినాయన నాడి చూసి, కళ్లు చూసి, లేచి నిలబడ్డాడు. ముందొచ్చినా ఏమయ్యేదో చెప్పలేమన్నాడు. కొన్ని రోజులు ఆ మాట నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మలేను. బండి ఖాళీగా, చప్పుడు లేకుండా పోయింది. స్టేజీ దగ్గర దాన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు.

కొడుకు పెద్దవూర నుంచి వచ్చి, తండ్రి కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు. "స్టేజి కాడ ఎవలు నిలవడ్డరు టీచరమ్మా?"

"ఎవరూ లేరయ్యా" అన్నాను. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

పోయిన మంగళవారం రాములమ్మ గోడ దగ్గరికొచ్చి, కాలనీలో ఒక పిల్లకు నెలలు నిండకముందే నొప్పులొచ్చాయని చెప్పింది. నన్ను పొమ్మనలేదు. చెప్పి, ఊరికే నిలబడింది. మామ కొడుకు దండెం మీద వదిలేసి పోయిన తువ్వాల తీసుకుని స్కూటీ మీద స్టేజీకి పోయాను. తుమ్మచెట్టు కింద నిలబడి ఎత్తి పట్టుకున్నాను. ఐదు నిమిషాలకే చెయ్యి గుంజడం మొదలైంది. కార్లలో వాళ్లు చూసి పోయారు. ఒక బస్సు ఆగింది. కాదని తల ఊపితే కండక్టరు ఏదో గొణుక్కున్నాడు. అంబులెన్సు వచ్చింది, తువ్వాల చూసి నెమ్మదించింది, నేను చెయ్యి చూపించాను, ఊరి వైపు మలుపు తిరిగి పోయింది. దుమ్ము కూడా అణిగిపోయింది.

ఇక ఇంటికి పోవచ్చు. పోలేకపోయాను. అరగంట పైనే నిలబడ్డాను. పలకరించేవాళ్లు లేరు. ఎండ, రోడ్డు, నేను. ఇన్నేళ్లు ఆయన ఇక్కడ ఇట్లా ఒక్కడే ఉన్నాడా అనిపించి ఏడుపొచ్చింది. అప్పుడు ఊరి వైపు నుంచి కూత వినిపించింది.

బండి మూల మీద నెమ్మదించి సూర్యాపేట వైపు తిరిగింది. నేను చెయ్యి లేపాను. వెనక అద్దంలోంచి ఆ పిల్ల తల్లి కనిపించింది. కూతురి మీదికి వంగి ఉంది. తలెత్తలేదు.

ఎత్తదని నాకు తెలుసు. మూడేళ్ల కింద మా ఆయన పాదం పట్టుకుని నేను కూర్చున్నది ఆ చోటే. బండి ఇదే మూల మీద ఇట్లాగే నెమ్మదించింది. మామ ఈ చెట్టు కిందే చెయ్యి లేపి ఉంటాడు. నేను తల తిప్పి చూడలేదు.