నీళ్లకు రంగుందన్న పిల్ల

విడీ ఘర్కుల్ నుంచి దాజీ పేట్‌కు పోయే షేర్ ఆటోలో నా పక్కనున్న పెద్దాయన మోకాళ్ల మధ్య ఒక సీసా పట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటెండ తగిలి అది దానిమ్మ గింజలా వెలుగుతోంది.

"షర్బతా అన్నా?" అన్నాను.

"తాగి సూడు, పేగులకు సుత రంగెక్కుతది!" అని నవ్వాడు. "మా గల్లీ మోరీల పారే మురికినీళ్లు. బడికి తీస్కపోతున్న."

పేరు పెంటప్ప. నలభై ఏళ్లుగా తువ్వాళ్ల నూలుకు రంగు వేస్తున్నాడు. గోళ్ల కింది నీలం ఇక ఈ జన్మకు పోదు. మొన్న బడిలో పర్యావరణం పాఠం చెబుతూ తృప్తి మేడం, నీళ్ల రంగేమిటని అడిగిందట. ఆయన మనవరాలు కోమల్ లేచి, "సోమవారం ఎర్రగ, మంగళవారం నీలం" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు. మీ తాతను ఒకసారి పంపించమంది.

నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ నీటికి రంగు లేదు. తిరిగిన ఊళ్లలో మాత్రం, అదేమిటో, రంగులేని ఏరు ఒక్కటీ గుర్తుకు రాదు. వానల్లో గోదావరి ఎరుపు, కొండవాగుల ఆకుపచ్చ... ఆటో మగ్గాల చప్పుడులోకి దిగింది. ఆ తాళానికి కునుకు పట్టి, ఆరేసిన తువ్వాళ్ల కిందుగా ఒక నది రోజుకో చీర మార్చుకుంటూ పోతున్నట్టు కనిపించింది.

"పిల్లలకేం చెప్తావు?" అన్నాను తేరుకుని.

"ఆ రంగు ఇడిసేది నేనే అని చెప్త. లేత రంగు కడిగిన నీళ్లు పట్టిపెట్టి ముదురు రంగుకు వాడితే, మోరీల పడేది మస్తు తగ్గుతది. అది సుత చేసి సూపిస్త." గొంతు తగ్గించాడు. "మా రంగుల కార్ఖాన సేఠ్‌కు మాలూమైంది. ఆ సీసా బడిల పెట్టినవంటే రేపటి సంది రంగు తొట్టి కాడికి పనికి రాకన్నడు."

"మరి?"

"ఈ వయసుల నాకు ఇంకేం పనొస్తదన్నా?"

బడి ముందు ఆటో ఆగింది. ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు.

"సేఠే," అన్నాడు. ఎత్తలేదు.

"పోనీ, ఇంకోరోజు వెళ్లరాదా?"

"ఆ దినం సంది కోమల్ క్లాసుల నోరు తెరుస్తలేదన్నా. ఎవ్వలేమడిగినా తల దించుకుంటున్నదంట."

అంతే, దిగాడు. సీసా పట్టుకుని గేటు వైపు నడిచాడు. ఫోను మోగుతూనే ఉంది. అది గేటు దాటి, వరండా మీదుగా, పిల్లల గోలలో కలిసిపోయేదాకా విన్నాను.