పదకొండు అడుగుల సముద్రం

దిర్చె మలగూతి ఒంటి చేత్తో ఏడ్రియాటిక్ సముద్రాన్ని పదకొండు అడుగులు వెనక్కి నెట్టింది. రెండో చెయ్యి ఖాళీ లేదు, అందులో నొచీనో మందు సీసా ఉంది. లేకపోతే ఇంకో ఇరవై అడుగులు నెట్టి ఉండేదే. అవతలి ఒడ్డున యుగోస్లావియా వాళ్ల ఇళ్లలోకి నీళ్లొచ్చి పెద్ద గొడవయ్యేది.

నమ్మకం లేనివాళ్లు కార్పి వచ్చి ఎవరినైనా అడగవచ్చు. స్వెటర్లు అల్లే ఊరు మాది. దిర్చె ఇరవై ఆరేళ్లుగా ఒకే ఫ్యాక్టరీలో, కిటికీ పక్కన మూడో మిషను మీద కూర్చుంటుంది. స్వెటర్ ముక్కలను కంటికి తెలియకుండా ఒకదానితో ఒకటి కలపడం ఆమె పని. ఆమె కలిపిన చోటు ఎక్కడుందో కనిపెడతానని మిలాను నుంచి ఒక పెద్దమనిషి భూతద్దం తెచ్చుకుని మూడు రోజులు వెతికాడు. నాలుగో రోజు భూతద్దాన్ని మా ఊళ్లోనే వదిలేసి రైలెక్కాడు.

ఆగస్టులో ఫ్యాక్టరీకి మూడు వారాలు మూత. ఊరు ఊరంతా సముద్రానికి పోతుంది. కార్పిలో పిల్లులు తప్ప ఎవరూ మిగలరు, వాటిలో కూడా కొన్ని వెళ్తాయంటారు. దిర్చె మాత్రం జనవరిలోనే మొదలుపెట్టేది. క్రిస్మస్ చెట్టు తీసిన మర్నాడే వంటింటి బల్ల మీద గళ్ల కాగితం పరిచి, ఏ పెట్టె కారు మీదికి, ఏది లోపలికి, దారిలో ఎక్కడ ఆగాలి, ఏ రోజు ఆల్చిప్పల కూర, ఏ రోజు చేపల వేపుడు, అన్నీ రాసుకునేది.

"పంతొమ్మిదేళ్లుగా అదే ఊరు, అదే లాడ్జి, అదే గది, అదే గొడుగు," అనేవాడు మొగుడు లోరిస్, ప్రతి ఏడూ. "ఇందులో రాయడానికేముంది?"

"అదే అవ్వాలంటేనే రాయాలి," అనేది దిర్చె.

ఆ ఊరు ఇజెయా మరీనా. ఆ గొడుగు సౌరో నడిపే బీచిలో మొదటి వరసలో ఇరవై ఏడో నంబరు. దాని ముందు ఇంకేమీ ఉండదు, ఇసుక, తర్వాత నీళ్లు. ఆ నంబరు కోసం దిర్చె ఎవరితోనైనా తగువు పడుతుంది, ఎందుకంటే అది ఆమె కోసం కాదు, మామగారి కోసం.

మామగారి పేరు ఒలీందో, వయసు డెబ్బై నాలుగు. ఆరేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. కార్పిలో ఆయన ఎక్కడికి వెళ్లినా ఎవరిదో ఒకరి మోచెయ్యి పట్టుకునే వెళ్లాలి. బార్బరు షాపుకి లోరిస్ మోచెయ్యి, చర్చికి దిర్చె మోచెయ్యి. బీచిలో మాత్రం ఎవరి మోచెయ్యీ అక్కర్లేదు. కాళ్ల కింద చెక్కబాట అయిపోగానే నేరుగా పద్నాలుగు అడుగులు వేస్తే గొడుగు గుంజ చేతికి తగులుతుంది. గుంజ దగ్గర్నుంచి ఇరవై మూడు అడుగులు వేస్తే పాదాలకి నీళ్లు. అంతే. ఏడాది మొత్తంలో ఆ మనిషి ఒంటరిగా నడిచే దూరం ఆ ముప్పై ఏడు అడుగులు.

ఇక అక్కడి పద్ధతి. ఆగస్టు ఆఖరి రోజున సామాన్లు కారెక్కించాక, ఇంటావిడ వెళ్లి సౌరోకి షేక్‌హ్యాండ్ ఇస్తుంది. సౌరో "అదే కదా?" అంటాడు. ఆవిడ "అదే" అంటుంది. వచ్చే ఏడాదికి గొడుగు ఖాయమైనట్టు. కాగితం లేదు, సంతకం లేదు. ఆ ఒక్క మాట లేకపోతే గొడుగు లేదు.

కిందటి ఆగస్టులో దిర్చె ఆ మాట అనలేదు. పేకాట దగ్గర వచ్చింది గొడవ. మామగారు వేళ్లతో తడిమి ఆడుకోవడానికి దిర్చె పేకముక్కలకి సూదితో సన్నటి చుక్కలు పొడిచి పెట్టింది. ఒక సాయంత్రం సౌరో వరసగా నాలుగాటలు ఓడిపోయి, ముక్కలు బల్ల మీద పడేసి, "పంచేటప్పుడే అందరి ముక్కలూ చదివేస్తుంటే నేనూ గెలుస్తాను," అన్నాడు. కళ్లు లేని మనిషిని దొంగ అన్నాడని దిర్చెకి ఒళ్లు మండింది. వెళ్లే రోజు సౌరో చెయ్యి చాపి "అదే కదా?" అంటే, ఆ చెయ్యి వంక చూసి, "ప్రయాణం ఆలస్యమవుతోంది," అని కారెక్కింది.

ఆ కోపం రావెన్నా దాటక ముందే చల్లారింది. చల్లారిన దగ్గర్నుంచి భయం పట్టుకుంది. శీతాకాలమంతా ఎవరికీ చెప్పకుండా మోసింది. ఈసారి గళ్ల కాగితం మీద అన్నీ రాసింది కానీ, గొడుగు అని ఉన్నచోట గీత గీసి వదిలేసింది. మార్చిలో ఒక రోజు బఠాణీలు ఒలుస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"మావయ్యా, ఒకవేళ ఈసారి రెండో వరసో మూడో వరసో అయితే ఎలా ఉంటుందంటారు? నీడ ఎక్కువట."

ఒలీందో బఠాణీ గింజ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"మీరు వెళ్లి రండి. నేనిక్కడే ఉంటాను."

"అదేంటి, నేను తీసుకెళ్తాగా నీళ్లల్లోకి."

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే అది సముద్రం కాదమ్మాయ్. స్నానాల గది."

ఆ ఆదివారమే దిర్చె, చెల్లెలిని చూసొస్తానని చెప్పి రైలెక్కింది. సంచిలో నొచీనో సీసా పెట్టుకుంది. పచ్చి అక్రోటు కాయలతో ఇంట్లో పెట్టిన మందు అది. ఆ ఇంటి నొచీనో రెండు గుక్కలు తాగిన చర్చి ఫాదరు ఒకాయన ప్రసంగం మధ్యలో అందరి పాపాలూ ఒకేసారి క్షమించేశాడని ప్రతీతి.

మార్చిలో బీచిలో ఒక్క గొడుగు ఉండదు. సౌరో మెట్ల మీద కూర్చుని, బట్టలు మార్చుకునే గదుల తలుపులకి నీలం రంగు వేస్తున్నాడు. దిర్చెని చూసి కుంచె డబ్బాలో ముంచి, అలాగే ఉంచేశాడు.

"సిన్యోరా మలగూతి. మీరు త్వరగా వచ్చారు. ఆగస్టుకి ఇంకా టైముంది."

పంతొమ్మిదేళ్లుగా "నువ్వు" అన్న మనిషి "మీరు" అంటే, ఆ మాట మార్చి గాలి కంటే చల్లగా తగిలింది. దిర్చె అతని వెనక గోడకున్న చెక్కపలక వంక చూసింది. ప్రతి గొడుగుకీ ఒక మేకు, ప్రతి మేకుకీ ఒక ఇంటిపేరు వేలాడుతుంటుంది. ఇరవై ఏడో మేకు ఖాళీ. పక్కన ఇరవై ఆరు ఖాళీ. మొదటి వరస ఇరవై ఎనిమిది మేకులూ ఖాళీ.

"నా మీద కోపంతో ఇరవై ఎనిమిది కుటుంబాలని తీసేశావా?" అంది.

"మీ మీద కోపమైతే ఒక్క మేకు చాలు," అన్నాడు సౌరో. లేచి, రంగు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ముందు నడిచాడు. "రండి. తీసేసింది నేను కాదు."

ఇసుకలో ఒక కర్ర పాతి ఉంది. ఇరవై ఏడు ఉండే చోటు. దిర్చె అక్కడ నిలబడి కళ్లు మూసుకుని, మామగారి నడకలో అడుగులు వెయ్యడం మొదలెట్టింది. పన్నెండో అడుగుకి బూటులోకి నీళ్లొచ్చాయి. ఇరవై మూడు రావాల్సిన చోట పన్నెండు. నవంబర్ తుఫాను పదకొండు అడుగుల బీచిని మింగేసింది.

"అంత దగ్గరైతే పెద్ద అల వచ్చిన రోజు గొడుగు, కుర్చీ, దాంట్లో మనిషి అన్నీ వెళ్లిపోతాయి," అన్నాడు సౌరో. "అందుకే మొదటి వరస మొత్తం ఎత్తేశాను. మిమ్మల్ని మూడో వరసలో పెట్టాను. అరవై రెండు."

దిర్చె మూడో వరసని కళ్లముందు పెట్టుకుంది. మామగారికీ నీళ్లకీ మధ్య రెండో వరస గొడుగులు, మడత కుర్చీలు, పిల్లలు తవ్విన గోతులు, బోర్లా పడుకున్న జర్మన్లు. మొదటి రోజే ఎవరో ఒక జర్మన్ మీద పడతాడాయన. రెండో రోజు నుంచి గొడుగు కింద నుంచి లేవడు.

తడిసిన బూటుతోనే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. బీచి వంక చూసింది, కింద నుంచి పై దాకా, మిషను మీదికి పాడైన స్వెటర్ వచ్చినప్పుడు చూసినట్టు.

"సౌరో, గొడుగులు ఎటు నుంచి పాతుకుంటూ వస్తావు?"

"గదుల దగ్గర్నుంచి సముద్రం వైపు. మా నాన్న కూడా అంతే."

"స్వెటర్ పొడుగు తగ్గించమంటే మేం కింది అంచు కొయ్యం. పువ్వుల డిజైనంతా అంచులోనే ఉంటుంది. పైన సాదాగా ఉన్నచోట వరసలు ఊడదీసి, అంచుని పైకి తెచ్చి కలుపుతాం. పొడుగూ తగ్గుతుంది, పువ్వులూ ఉంటాయి." తడి బూటుతో ఇసుక మీద గీత గీసింది. "నువ్వు అంచు కోసేశావు. పైన ఊడదియ్యి. వరసలన్నీ, చెక్కబాట చివరతో సహా పదకొండు అడుగులు వెనక్కి జరుపు."

"పైన సాదా ఏముంది?" అన్నాడు సౌరో. అని తనే వెనక్కి తిరిగి చూశాడు.

పైన ఉన్నది బోచ్చే అనే బంతులాట స్థలం. గదుల ముందు అడ్డంగా, నున్నగా రోలరు తిప్పిన ఎర్ర మట్టి, చుట్టూ చెక్క. ప్రపంచంలో సౌరో దేనికైనా టోపీ తీస్తాడంటే అది దానికే.

"మా నాన్న పరిచిన మట్టి అది," అన్నాడు.

అడగకూడనిది అడిగానని దిర్చెకి తెలిసింది. సీసా తీసి మూత విప్పింది. సౌరో లోపలికి వెళ్లి రెండు కాఫీ కప్పులు తెచ్చాడు. ఇద్దరూ సముద్రం వంక చూస్తూ తాగారు.

"ఇక్కడ మీ మామతో ఆడిన ఆఖరాట గుర్తుందా?" అన్నాడు సౌరో. "పన్నెండు తొమ్మిది. అప్పటికే ఆయనకి సగం చూపు పోయింది. సగం చూపుతో నన్ను ఓడించి, ఇంక చాలు అన్నాడు."

"ఇంట్లో ఇప్పటికీ చెప్తాడు. పన్నెండు నాలుగు అని."

"తొమ్మిది. పక్కా తొమ్మిది." సౌరో కప్పు కింద పెట్టాడు. "ఆయన మానేసిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా నేనే గెలుస్తున్నాను. రోజూ గెలుస్తున్నాను. విసుగొచ్చేసింది." ఎర్ర మట్టి వైపు తిరిగి, "ఆట స్థలం వెడల్పు ఏడడుగులు, పక్కన దారి నాలుగు," అన్నాడు. దిర్చె సీసా తియ్యక ముందే లెక్కపెట్టుకున్నాడన్నమాట.

పలక కింది డ్రాయరు లాగి ఇంటిపేర్లలోంచి ఒకటి వెతికి, ఇరవై ఏడో మేకుకి తగిలించాడు. తర్వాత రంగు చెయ్యి చాపాడు.

"అదే కదా?"

"అదే," అంది దిర్చె. "కిందటేడు అనలేదు. అందుకే ఇంత దూరం వచ్చాను."

"నువ్వు అనలేదు. మీ మామ అన్నాడు. కారెక్కబోతూ తల వెనక్కి తిప్పి, 'సౌరో, అదే, మా కోడలు చల్లబడ్డాక తనూ అంటుంది' అన్నాడు. నువ్వు ఎప్పుడు చల్లబడతావా అని సెప్టెంబర్ నుంచి చూస్తున్నాను."

"నువ్వు ఆయన్ని దొంగ అన్నావు."

"నేనన్నది నిజమేనని ఆయనే ఒప్పుకున్నాడు. నీ చుక్కలు వెనక వైపుకి కూడా తగులుతాయి, దిర్చె. బొటనవేలితో చదివేస్తాడు."

తిరుగు రైల్లో దిర్చె బొలోన్యా దాకా నవ్వుకుంటూనే ఉంది. ఎదుటి సీట్లో కూర్చున్న నన్ ఒకామె మధ్యలో లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఆగస్టులో మొదటి రోజు. చెక్కబాట అయిపోయింది. ఒలీందో చెప్పులు విడిచి, చేతికర్ర దిర్చెకి ఇచ్చాడు. దిర్చె తువ్వాళ్లు పరుస్తున్నట్టు నటిస్తూ పెదాలతో లెక్కపెడుతోంది. పద్నాలుగో అడుగుకి ఆయన అరచెయ్యి గుంజ మీద పడింది. దాన్ని ఒకసారి తట్టి, పాత స్నేహితుడి భుజం తట్టినట్టు, ముందుకి కదిలాడు. ఇరవై, ఇరవై ఒకటి. ఇరవై రెండు దగ్గర దిర్చె తువ్వాలు వదిలేసి తలెత్తింది. ఇరవై మూడు. నీళ్లు ఆయన మడమల మీదికి ఎక్కాయి. ఆయన మోకాళ్ల దాకా వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇల్లు కట్టించిన మేస్త్రీలా నిలబడ్డాడు.

తర్వాత తల పక్కకి తిప్పాడు.

"అమ్మాయ్, బోచ్చే బంతుల చప్పుడు లేదేంటి?"

దిర్చె చెప్పింది. అంతా చెప్పలేదు, సగం చెప్పింది. మిగతా సగం ఆయనే అందుకున్నాడు. తర్వాత బీచి అంతా వినబడేలా గొంతెత్తాడు.

"సౌరో, ఓడిపోతానని భయపడి మైదానమే పీకేశావటగా."

"బంతి కనబడని వాడికి నోరు మాత్రం బాగా లేస్తోంది," అన్నాడు సౌరో గొడుగుల మధ్య నుంచి.

ఆ సాయంత్రం ఇద్దరూ తడి ఇసుక మీద, నీళ్ల అంచున ఆడారు. సౌరో గురి పెట్టాల్సిన చిన్న బంతి దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేవాడు, ఒలీందో ఆ చప్పుడు వైపు వేసేవాడు. పన్నెండు నాలుగుతో గెలిచాడు. ఈసారి నాలుగే, సాక్షులున్నారు.

దిర్చె చూడలేదు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఇరవై ఏడో గొడుగు కింద, గళ్ల కాగితం మొహం మీద కప్పుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆ గురకకి తీరంలో పడవలన్నీ తుఫాను హెచ్చరిక అనుకుని రేవుకి తిరిగొచ్చేశాయి.

ఈ కథ మొదటి నుంచి చివరి దాకా కూర్చోబెట్టి వినిపిస్తే, దిర్చె చేతిలో అల్లిక ఆపకుండానే అంది: "సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. జరిగింది గొడుగులు, జరిపింది సౌరో. నేను గురక పెట్టను. ఆ సీసా కూడా అప్పటికి సగమే ఉంది."